కరెంటు ఎక్కడిది, నీళ్లెక్కడివి? హైడ్రోజన్‌పై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో వస్తున్న గ్రీన్ హైడ్రోజన్ హబ్ గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద చాలా ప్రశ్నలు వచ్చాయి, అందులో ఎక్కువ మన తిరుపతి, చిత్తూరు వైపు నుంచే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. కొన్నింటికి పెద్ద జవాబే రాయాల్సి వచ్చింది, కొన్నింటికి రెండు మాటలు చాలు.

ప్రశ్న: మేడమ్, హైడ్రోజన్ ఎప్పట్నుంచో ఉన్నదే కదా, ఇప్పుడు ప్రభుత్వం ఇన్ని వేల కోట్లు ఎందుకు పెడుతోంది? గ్రీన్, బ్లూ, గ్రే అంటున్నారు, అది నిజంగా తక్కువ కార్బన్‌దో కాదో ఎవరు తేలుస్తారు?
– బీఎస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిజమేనమ్మా, కొత్తదేం కాదు. మన దేశం ఏటా 50 లక్షల టన్నులకు పైగా హైడ్రోజన్ ఇప్పటికే వాడుతోంది. డీజిల్‌లో గంధకం తీసెయ్యడానికి రిఫైనరీలకి కావాలి, అమ్మోనియా చెయ్యడానికి ఎరువుల ఫ్యాక్టరీలకి కావాలి. ఇది బొగ్గులాగా తవ్వి తెచ్చుకునే సరుకు కాదు, దేన్నుంచో ఒకదాన్నుంచి విడగొట్టాలి. ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు నుంచి విడగొడుతున్నాం. గ్యాస్‌ని ఆవిరితో కలిపి బాగా వేడి చేస్తే హైడ్రోజన్ వస్తుంది, దాంతోపాటు కిలో హైడ్రోజన్‌కి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. అది గ్రే. ఆ పొగని పట్టి భూమి లోపలికి పంపిస్తే బ్లూ. సోలార్ కరెంటో గాలిమరల కరెంటో పెట్టి నీళ్లని విడగొడితే గ్రీన్.

ప్రధాని 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రకటించిన పథకానికి కేంద్ర కేబినెట్ 2023 జనవరి 4న ఆమోదం ఇచ్చింది. పేరు నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్, కేటాయింపు 19,744 కోట్ల రూపాయలు. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తయారవ్వాలి, దానికోసం కొత్తగా 125 గిగావాట్ల సోలార్, విండ్ కరెంటు రావాలి అన్నది లక్ష్యం. ఆ డబ్బులో 17,490 కోట్లు ప్రోత్సాహకాలకే. అందులో 4,440 కోట్లు ఎలక్ట్రోలైజర్లు, అంటే నీళ్లని విడగొట్టే యంత్రాలు, ఇక్కడే తయారుచేసే కంపెనీలకి. మిగతా 13,050 కోట్లు హైడ్రోజన్ తయారుచేసేవాళ్లకి, కిలోకి మొదటి ఏడాది 50 రూపాయలు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 30 మించకుండా. 2030కి ఆ లక్ష్యం చేరడం కష్టమనే నా అభిప్రాయం. ప్లాంటు కట్టే కంపెనీకి పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో కొంటామని రాసిచ్చే కొనుగోలుదారు దొరక్కపోతే బ్యాంకు అప్పివ్వదు. ఇప్పుడు కరువు ఆ కొనేవాళ్లకే.

ఇక తక్కువ కార్బన్ ఎవరు తేలుస్తారన్నది అసలైన ప్రశ్న. 2023 ఆగస్టులో కేంద్రం ఒక ప్రమాణం పెట్టింది. కిలో హైడ్రోజన్‌కి సగటున 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ మించకూడదు, సగటు పన్నెండు నెలలకి చూస్తారు. సర్టిఫికెట్ పద్ధతి 2025 ఏప్రిల్‌లో వచ్చింది. బ్రిటన్‌లో అయితే హద్దు దాదాపు 2.4 కిలోలు, యూరప్‌లో తక్కువ కార్బన్ హైడ్రోజన్ అనడానికి దాదాపు 3.4 కిలోలు. వాళ్లు బ్లూని కూడా అందులోకి రానిస్తారు. అంకె చూస్తే మనదే గట్టిగా ఉంది.

నాకు బెంగ అంకె గురించి కాదు, ఆ పన్నెండు నెలల సగటు గురించి. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ భాగం బొగ్గు కరెంటే. కిలో హైడ్రోజన్‌కి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. గుణించి చూడండి, 36 కిలోల చుట్టుపక్కల వస్తుంది. అంటే మామూలు గ్రిడ్ కరెంటుతో నీళ్లని విడగొడితే, సహజవాయువు నుంచి తీసే గ్రే హైడ్రోజన్ కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ పొగ! మధ్యాహ్నం సోలార్ కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి, రాత్రి గ్రిడ్ నుంచి అంతే వెనక్కి తీసుకునే వీలు 2022 ఫిబ్రవరి పాలసీలోనే ఇచ్చారు, ముప్పై రోజుల దాకా బ్యాంకింగ్ అని. కాగితం మీద లెక్క సరిపోతుంది, రాత్రి ఆ కరెంటు ఇచ్చింది మాత్రం బొగ్గు ప్లాంటు. యూరప్ 2030 నుంచి గంట గంటకీ లెక్క సరిపోవాలని నిబంధన పెట్టింది. మన దగ్గర కూడా ఆ నిబంధన రావాలి, ప్లాంట్లు వందల కొద్దీ వచ్చాక కాదు, ఇప్పుడే రావాలి.

ప్రశ్న: కిలో 460 రూపాయల నుంచి 160 రూపాయలకి దింపుతామని అమరావతి సదస్సులో చెప్పారు. ఇది అయ్యే పనేనా? చివరికి మా కరెంటు బిల్లుల మీద పడదు కదా?
– రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: మీరు కరెంటు లెక్కలు చూసినవారు కాబట్టి లెక్కలోనే మాట్లాడుకుందాం సార్. 2025 జులైలో గ్రీన్ హైడ్రోజన్ వ్యాలీ ప్రకటనలో ఆ 160 రూపాయలు 2029కి పెట్టుకున్న గురి. కిలోకి 52 యూనిట్లు అనుకోండి. యూనిట్ 5 రూపాయలైతే కరెంటుకే 260 అయిపోయింది. 3 రూపాయలైతే 156. ఇంక యంత్రం ఖర్చు, వడ్డీ, నీళ్లు, కంప్రెసర్, జీతాలు, ఇవన్నీ 4 రూపాయల్లో సర్దలేం కదా. కాబట్టి 160 అనగానే, యూనిట్ కరెంటు 2 రూపాయలకి అటూ ఇటూగా ప్లాంటు గేటు దగ్గర దొరుకుతుందని అనుకుంటున్నారన్న మాట. ఒట్టి సోలార్ ఆ ధరకి దగ్గర్లోకి వచ్చింది, కానీ సోలార్ ఇరవై నాలుగు గంటల్లో ఐదారు గంటలే గట్టిగా పనిచేస్తుంది. కోట్లు పోసి కొన్న ఎలక్ట్రోలైజర్ మిగతా సమయమంతా ఖాళీగా ఉంటే దాని ఖర్చు కిలో మీద ఎక్కేస్తుంది. గాలి, పంప్డ్ స్టోరేజ్ (కరెంటు మిగిలినప్పుడు నీళ్లని పైకెక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) కలిపితే యంత్రం ఎక్కువ గంటలు నడుస్తుంది, కానీ యూనిట్ ధర పెరుగుతుంది. ఈ రెండింటి మధ్యే ఆట అంతా. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ పెట్టడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

అయితే ధర దిగడం లేదని అనను. 2025లో పానిపట్ రిఫైనరీ టెండరులో కిలో 397 రూపాయలకి వచ్చింది. అదే ఏడాది ఎరువుల ఫ్యాక్టరీల కోసం కేంద్రం జరిపిన గ్రీన్ అమ్మోనియా, అంటే గ్రీన్ హైడ్రోజన్‌తో చేసే అమ్మోనియా, వేలంలో కిలో 49.75 నుంచి 64.74 రూపాయల దాకా పలికింది. అమ్మోనియా బరువులో హైడ్రోజన్ 17.6 శాతం. కనిష్ఠ ధర పట్టుకుని వెనక్కి లెక్కేస్తే, అమ్మోనియా ప్లాంటు ఖర్చు కూడా కలుపుకుని, హైడ్రోజన్ 280 రూపాయల చుట్టుపక్కలకి వచ్చినట్టే. సహజవాయువు నుంచి తీసేది 150, 200 మధ్య ఉంటుంది, గ్యాస్ ధరని బట్టి. కాబట్టి దూరం తగ్గింది, ఇంకా ఉంది.

బిల్లుల సంగతి. కేంద్రం ఈ ప్లాంట్లకి అంతర్రాష్ట్ర ట్రాన్స్‌మిషన్ చార్జీలు 25 ఏళ్లు మాఫీ చేసింది. మన రాష్ట్రం 2024 అక్టోబరులో ఇంటిగ్రేటెడ్ క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది, ఏటా 15 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ దాని లక్ష్యం, రాయితీలు అందులోనూ ఉన్నాయి. లైన్లు, సబ్‌స్టేషన్లు మాఫీతో ఊరికే వచ్చేవి కావు, ఆ ఖర్చు మిగతా వాడకందార్ల మీదో ఖజానా మీదో పడుతుంది. కొత్త పరిశ్రమ నిలదొక్కుకునే దాకా సాయం చెయ్యడం తప్పని నేను అనుకోవడం లేదు. కానీ ఏ ప్లాంటుకి ఎంత మాఫీ అయింది, అందులో తయారైన సరుకు ఎంత మన ఫ్యాక్టరీలకి వెళ్లింది, ఎంత ఓడెక్కింది అన్నది ఏటా బయటపెట్టాలి. కరెంటు చార్జీలు తేల్చే రెగ్యులేటరీ కమిషన్ బహిరంగ విచారణలకి మీలాంటివాళ్లు వెళ్లి ఇదే అడగండి సార్, లెక్క తెలిసినవాళ్లు అడిగితే ఆ బరువే వేరు.

ప్రశ్న: మాకు వెయ్యి అడుగులు బోరు వేసినా తడి తగలదు. తాగే నీళ్లకే ట్యాంకర్లు. అలాంటిది నీళ్లని పగలగొట్టి గ్యాస్ చేస్తామంటే వినడానికే కడుపు మండుతోంది.
– టమోటా రైతు, పలమనేరు

జవాబు: మీ కోపం న్యాయమైనదే అన్నా. లెక్క కూడా తెలుసుకోండి, తర్వాత ఎక్కడ కోప్పడాలో మీరే తేల్చుకోండి.

కెమిస్ట్రీ ప్రకారం కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్ల నీళ్లు. అవి పంపు నీళ్లు కావు, ఉప్పు, ఖనిజాలు ఏవీ లేకుండా శుద్ధి చేసినవి. శుద్ధిలో పోయేవి, యంత్రాన్ని చల్లబరచడానికి పోయేవి కలిపితే 20, 30 లీటర్లు అనుకోవచ్చు. రాష్ట్రం పెట్టుకున్న 15 లక్షల టన్నులకి 20 లీటర్ల లెక్కన ఏడాదికి 3 కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఒక టీఎంసీ కంటే కాస్త ఎక్కువ. 30 లీటర్లైతే టీఎంసీన్నర. మన తిరుపతికి తెలుగుగంగ నీళ్లు వచ్చే కండలేరు రిజర్వాయర్ సామర్థ్యం 68 టీఎంసీలు. రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఇది కొండంత నీళ్లు కాదు. వరికి, చెరకుకి పోయే నీళ్ల ముందు చాలా చిన్నది.

కానీ నీళ్లు రాష్ట్రం మొత్తం మీద సగటున ఉండవు కదా, ఒక ఊళ్లో ఉంటాయి, ఇంకో ఊళ్లో ఉండవు. ఒకే చోట రోజుకి వంద టన్నుల హైడ్రోజన్ చేసే ప్లాంటు పెడితే 20 లక్షల నుంచి 30 లక్షల లీటర్లు రోజూ కావాలి. సముద్రం పక్కన అది సమస్యే కాదు. ఉప్పు నీళ్లని మంచినీళ్లు చెయ్యడానికి వెయ్యి లీటర్లకి 3, 4 యూనిట్ల కరెంటు చాలు, అంటే కిలో హైడ్రోజన్‌కి కావలసిన నీళ్ల కోసం పదో వంతు యూనిట్ దాకా. 52 యూనిట్ల ముందు అదెంత? మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఎక్కడ వదులుతారు, చేపలు పట్టేవాళ్లకి దాంతో ఇబ్బంది ఏంటి అన్నది మాత్రం చూసుకోవాలి. పూడిమడక, కాకినాడ, రెండూ తీరంలోనే ఉన్నాయి. రేపు కృష్ణపట్నం దగ్గర వచ్చినా అదే మాట. మన పడమటి మండలాల్లో, బోర్ల మీద బతికే చోట ఎవరైనా హైడ్రోజన్ ప్లాంటు పెడతామంటే మాత్రం నేను మీ పక్కనే నిలబడి వద్దంటాను. ఎండ మన దగ్గర బాగుంది, సోలార్ ఇక్కడ పెట్టండి, కరెంటు తీగ మీద తీరానికి పంపించండి. కరెంటుని పంపడం నీళ్లని మోసుకురావడం కంటే తేలిక.

ప్రశ్న: గ్రీన్ అమ్మోనియాతో ఎరువులు చేస్తారట. మాకు యూరియా, డీఏపీ చవగ్గా వస్తాయా మేడమ్?
– వరి రైతు, శ్రీకాళహస్తి

జవాబు: చవగ్గా రావు నాయనా, కనీసం ఇప్పట్లో రావు. బస్తా ధరని ప్రభుత్వమే సబ్సిడీతో పట్టి ఉంచుతోంది కాబట్టి పెరిగినా తగ్గినా మొదట తెలిసేది ఢిల్లీలో బడ్జెట్ వేసేవాళ్లకి.

అయినా ఈ పథకం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే, ఎందుకో చెబుతాను. మీ షెడ్డులో ఉన్న 50 కిలోల డీఏపీ బస్తా తీసుకోండి. మీద 18:46 అని ఉంటుంది. ఆ 18 నత్రజని శాతం, అంటే బస్తాలో 9 కిలోలు. దానికి దాదాపు 11 కిలోల అమ్మోనియా పట్టింది. ఆ అమ్మోనియాలో 1.9 కిలోల హైడ్రోజన్ ఉంది. అది సహజవాయువు నుంచి వచ్చి ఉంటే ఒక్క బస్తా వెనక 18 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ పోయింది. అదే నీళ్ల నుంచి తియ్యాలంటే ఆ ఒక్క బస్తాకి దాదాపు వంద యూనిట్ల కరెంటు. ఎకరాకి ఒకటో రెండో బస్తాలు వేస్తారు కదా, లెక్క మీకే అర్థమవుతుంది. ఇక్కడ హైడ్రోజన్‌కి బదులు ఇంకోటి లేదు. కారుకి బ్యాటరీ ఉంది, పొయ్యికి కరెంటు ఉంది, అమ్మోనియాకి హైడ్రోజన్ తప్ప గతి లేదు. పైగా డీఏపీ, కాంప్లెక్స్ ఎరువుల ఫ్యాక్టరీలు చాలావరకు అమ్మోనియాని బయటి దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకుంటాయి. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక గ్యాస్, అమ్మోనియా ధరలు ఎలా ఎగిరాయో, ఎరువుల సబ్సిడీ ఎలా పెరిగిందో గుర్తుంది కదా. వేలంలో ఏటా ఏడు లక్షల టన్నులకు పైగా గ్రీన్ అమ్మోనియాని పదమూడు ఎరువుల ప్లాంట్లకి కేటాయించారు, పదేళ్ల ఒప్పందాల మీద. ధర పదేళ్లు కదలదు. డాలర్ రేటు, గల్ఫ్‌లో గొడవ, ఓడల కిరాయి, ఇవేవీ దాన్ని ముట్టుకోవు. నాకైతే ఆ స్థిరత్వమే పెద్ద లాభంగా కనిపిస్తోంది.

యూరియా దగ్గర ఒక చిక్కు ఉంది. యూరియా చెయ్యాలంటే అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. ఇప్పుడు సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు వచ్చేదాన్నే ఫ్యాక్టరీ వాడుకుంటుంది. నీళ్ల నుంచి తీస్తే ఆ వాయువు రాదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. అందుకే ముందు డీఏపీ, కాంప్లెక్స్ వైపు వెళ్లారు. అది సరైన వరస.

కాకినాడలో పాత ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు వస్తోంది, దాని చూపు ఎక్కువగా ఎగుమతి మీద. యూరప్ కొనుక్కుంటుంది, మంచిదే, డాలర్లు వస్తాయి. కానీ మన ఎండ, మన గాలి, మన రాయితీలతో తయారైన దాన్ని వాళ్ల పొగ తగ్గించుకోవడానికి పంపి, మన ఎరువుకి మనం మళ్లీ గల్ఫ్ అమ్మోనియా దింపుకోవడం నాకు మింగుడుపడడం లేదు. ముందు మన ఫ్యాక్టరీలు.

ప్రశ్న: తిరుమల ఘాట్‌కి హైడ్రోజన్ బస్సులు వస్తాయని ఒకాయన చెప్పాడు. నేను కొత్త బండి తీసుకోవాలి, ఆగమంటారా?
– టాక్సీ డ్రైవర్, అలిపిరి

జవాబు: ఆగొద్దు తమ్ముడూ. తిరుమల ఘాట్‌కి 2022 నుంచే ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, మీరు రోజూ చూస్తున్నవే. ఆ దారికి అవి చక్కగా సరిపోయాయి. ఎక్కడానికి కరెంటు ఎక్కువ తింటాయి, దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా కొంత బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది. దూరం తక్కువ, రెండు చివర్లా ఆగడం ఉంటుంది, చార్జింగ్‌కి టైము దొరుకుతుంది. ఇలాంటి చోట హైడ్రోజన్ పెట్టడం అనవసరం.

ఎందుకంటే, 52 యూనిట్లు పెట్టి కిలో హైడ్రోజన్ చేస్తే ఫ్యూయల్ సెల్ కారు, అంటే హైడ్రోజన్‌ని మళ్లీ కరెంటుగా మార్చుకుని నడిచే కారు, సుమారు వంద కిలోమీటర్లు పోతుంది. అవే 52 యూనిట్లు నేరుగా బ్యాటరీ కారులో ఎక్కిస్తే మూడొందలు దాటుతుంది. 2022 మార్చిలో నితిన్ గడ్కరీ గారు హైడ్రోజన్ కారులో పార్లమెంటుకి వచ్చిన ఫొటోలు అందరం చూశాం, కారు మంచిదే, కానీ ఆ గ్యాస్‌ని 700 బార్ల ఒత్తిడి దాకా ఎక్కించే బంకు ఒక్కటి మన జిల్లాలో పెట్టాలన్నా కోట్లలో పని.

ప్రభుత్వం కూడా కార్ల మీద పెద్దగా దృష్టి పెట్టలేదు. 2025 మార్చిలో 37 బస్సులు, లారీలు, 9 బంకులతో ఐదు పైలట్ ప్రాజెక్టులకి 208 కోట్లు ఇచ్చారు. దారుల్లో మన రాష్ట్రం నుంచి విశాఖ, బయ్యవరం ఉంది. బరువు లారీలు, దూరాభారం బండ్లకి పనికొస్తుందేమో చూడడానికి ఇది. చూడాల్సిందే, ఎందుకంటే నలభై టన్నుల లారీకి బ్యాటరీ బరువు నిజమైన సమస్య. హైడ్రోజన్ రైలు కూడా చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైంది, 2025 జులైలో దాని ఇంజిన్ కోచ్‌ని పరీక్షించారు, హర్యానాలో జింద్, సోనిపట్ మధ్య నడపడానికి. మన రేణిగుంట, గుంతకల్లు లైన్లకి ఎప్పుడో కరెంటు తీగ వచ్చేసింది, కాబట్టి ఇక్కడికి ఆ రైలు అక్కర్లేదు.

ప్రశ్న: శ్రీహరికోట రాకెట్లలో వాడేది ఈ హైడ్రోజనేనా? అది అంత ప్రమాదం కాకపోతే మనకి భయం ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, సూళ్లూరుపేట

జవాబు: అదే హైడ్రోజన్, కాకపోతే ద్రవం. మైనస్ 253 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఇస్రో పెద్ద రాకెట్ ఎల్వీఎం3 పై దశలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిపి 28 టన్నులు పడతాయి. తేలిక ఎంతంటే లీటరు ద్రవ హైడ్రోజన్ బరువు 71 గ్రాములే. అందుకే రాకెట్‌కి అంత ఇష్టం, అందుకే రోడ్డు మీద మొయ్యడం అంత కష్టం, ట్యాంకర్ నిండా పోసినా బరువు కొంచెమే.

ప్రమాదం కాదని మాత్రం ఎవరూ అనరు బాబూ. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు, మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు, వాసన లేదు. ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. దాని మంచి గుణం ఒకటే, గాలి కంటే 14 రెట్లు తేలిక, పైకప్పు తెరిచి ఉంటే క్షణాల్లో పైకి పోతుంది. అందుకే హైడ్రోజన్ వాడే చోట మూసిన గదులు ఉండవు, నెత్తి మీద సెన్సర్లు ఉంటాయి. శ్రీహరికోటలో ప్రమాదం లేకుండా జరుగుతోందంటే అక్కడ శిక్షణ పొందినవాళ్లు మాత్రమే ముట్టుకుంటారు, ప్రతి వాల్వుకి రికార్డు ఉంటుంది. ఆ క్రమశిక్షణని వీధి చివర బంకుకి తేగలమా అన్నదే నా సందేహం.

ఇంకో సంగతి తెలుసా, 2024 జనవరి 1న మీ ఊరి పక్క నుంచే ఎగిరిన పీఎస్ఎల్వీ సీ58 నాలుగో దశలో ఒక చిన్న ఫ్యూయల్ సెల్‌ని కక్ష్యలో పరీక్షించారు. 180 వాట్ల కరెంటు ఇచ్చింది. హైడ్రోజన్, ఆక్సిజన్ సిలిండర్ల నుంచి కరెంటు, వ్యర్థంగా నీళ్లు. అంతరిక్షంలో ఆ నీళ్లు మనుషులు తాగడానికి కూడా పనికొస్తాయి, కాబట్టి అక్కడ దీని విలువే వేరు.

ప్రశ్న: మా వీధికి పైపు గ్యాస్ ఇచ్చారు. అందులో హైడ్రోజన్ కలుపుతారా?
– గృహిణి, తిరుపతి

జవాబు: సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో 2023 జనవరి నుంచి కలిపి చూస్తున్నారు, మొదట 5 శాతంతో. ఘనపరిమాణంలో చూస్తే హైడ్రోజన్‌కి సహజవాయువులో మూడో వంతు శక్తే, కాబట్టి 5 శాతం కలిపితే నిజంగా తగ్గే పొగ ఒకటిన్నర శాతం చిల్లర. దానికంత ఖరీదైన గ్యాస్ కాల్చడం వృథా అని నా అభిప్రాయం. ఇండక్షన్ స్టవ్ వాడుకోండమ్మా.

ప్రశ్న: బైకుకి హైడ్రోజన్ కిట్ పెడితే మైలేజీ రెట్టింపు అని యూట్యూబ్‌లో చూశాను. చిత్తూరులో ఒకరు ఎనిమిది వేలకి బిగిస్తామంటున్నారు.
– మెకానిక్, చిత్తూరు

జవాబు: ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఆ కిట్ బ్యాటరీ కరెంటుతో నీళ్లని విడగొడుతుంది, బ్యాటరీకి కరెంటు ఇంజిన్ ఇస్తుంది, ఇంజిన్‌కి పెట్రోలు మీరు పోస్తారు. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుందే తప్ప ఎక్కడా కలవదు. పైగా హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన గ్యాస్ ఒకే గొట్టంలో వస్తుంది, అంటుకుంటే పేలుతుంది. వేరేవాళ్ల బండ్లకి కూడా బిగించకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఏర్పేడు దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాడు, చిన్నవాడు ఐటీఐలో ఫిట్టర్. ఈ రంగంలో ఉద్యోగాలు నిజంగా వస్తాయా? లక్షల్లో అంటున్నారు.
– ఒక తండ్రి, రేణిగుంట

జవాబు: మిషన్ కాగితంలో 6 లక్షల ఉద్యోగాలని ఉంది. పూడిమడక హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసినప్పుడు 1.85 లక్షల కోట్ల పెట్టుబడి, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ అని చెప్పారు. ఆ అంకెలు చూసి పిల్లల భవిష్యత్తు నిర్ణయించకండి అన్నా. కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడిపేటప్పుడు కొద్దిమంది చాలు, ఏ గ్యాస్ ప్లాంటు అయినా అంతే.

ఫిట్టర్ అబ్బాయికి నా సలహా సూటిగా చెబుతాను. స్టెయిన్‌లెస్ స్టీలు ట్యూబులకి టిగ్ వెల్డింగ్ బాగా నేర్చుకోమనండి. హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, మామూలు గ్యాస్ ఆగిన జాయింటులోంచి కూడా ఇది జారిపోతుంది, అందుకే లీకుల్ని హీలియంతో పరీక్షిస్తారు. ఆ లీక్ టెస్టింగ్ చెయ్యగలిగిన వాడికి హైడ్రోజన్ ప్లాంటు రాకపోయినా ఫార్మాలో, ఏసీల తయారీలో, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుంది. ఒక్క రంగాన్నే నమ్ముకున్నట్టు కాదు.

పెద్దబ్బాయిది ఎలక్ట్రికల్ అయితే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ మీద పట్టు పెంచుకోమనండి, ఎలక్ట్రోలైజర్ తినేది వేల ఆంపియర్ల డీసీ కరెంటు. కెమికల్ అయితే ప్రాసెస్ సేఫ్టీ. కేంద్రం ఏడాదికి 3,000 మెగావాట్ల ఎలక్ట్రోలైజర్లు తయారుచేసే సామర్థ్యాన్ని కంపెనీలకి కేటాయించింది, అవి నడిస్తే ఎలక్ట్రోడ్ పూతలు, సీళ్లు, పొరలు చేసే చిన్న కంపెనీలు కావాలి. ఆల్కలైన్ యంత్రంలో పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 80 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు తిరుగుతుంటుంది, దాన్ని ఏళ్ల తరబడి తట్టుకునే నికెల్ పూత ఇక్కడ తక్కువ ధరలో చెయ్యగలిగితే కొనేవాళ్లు క్యూ కడతారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చి పెట్టకుండా, వంద వాట్ల ఆల్కలైన్ సెల్ ఒకటి కట్టి, యూనిట్‌కి ఎంత హైడ్రోజన్ వచ్చిందో కొలవమనండి. గైడు పక్కన ఉండగానే, కిటికీలు తెరిచి, బయటి గాలి తగిలే చోట చెయ్యమనండి.